బుడగకు తోక ఉంటుందండీ

కిందటి నెలలో, అవనిగడ్డకు ఇవతల ఒక ఊరి బడి వరండాలో, మా యంత్రం మొదటిసారి రోగుల ముందుకు వెళ్ళింది. పొట్ట మీద చిన్న పరికరం ఆనించి, చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగి వచ్చినదాన్ని బట్టి లివరు ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ గట్టిపడిందో రంగుల్లో చూపించే యంత్రం అది. మెత్తని చోటు నీలంగా, గట్టి చోటు ఎర్రగా కనిపిస్తుంది. ఇలాంటివి పెద్ద ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. చేతిసంచీలో పెట్టుకుని పల్లెకు తీసుకుపోగలిగేది ఒకటి తయారుచెయ్యాలని మేము కొన్నేళ్ళుగా తంటాలు పడుతున్నాం.

బల్ల మీద అందరికంటే ముందు పడుకున్నది ఒక పెద్దావిడ. పరికరానికి జెల్లు రాసి పొట్ట మీద పెట్టబోతుంటే నా మణికట్టు పట్టుకుంది.

“ఇది ముందు ఎవరి మీద పెట్టి చూశారమ్మా?”

“చాలామంది మీద చూశాం పెద్దమ్మా. ఏం కాదు. సూది కూడా ఉండదు.”

ఆవిడ చెయ్యి వదిలేసింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆవిడ ఎంతమంది అని అడగలేదు, ఎవరు అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఒక మనిషి. ఆ బడి నుంచి ఆయన ఊరు పది మైళ్ళు కూడా ఉండదు. ఆ పూట ఆయన మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

ఆయన మా ల్యాబులో ఊడ్చే పనికి చేరాడు. పేరు ఇక్కడ రాయను. మేమందరం హల్వా బాబాయ్ అనేవాళ్ళం. అంతకుముందు బందరులో ఒక మిఠాయి దుకాణంలో ముప్ఫై ఏళ్ళు హల్వా తిప్పాడు. గోధుమపాలూ బెల్లం పాకమూ కలిపి, నెయ్యి పోస్తూ, గంటల తరబడి చెయ్యి ఆపకుండా తిప్పాలట. కుడి భుజం అరిగిపోయి చెయ్యి చెవి దాకా లేవని స్థితి వచ్చాక దుకాణం మానేసి, కాంట్రాక్టరు ద్వారా మా కాలేజీకి వచ్చాడు. పొట్టి మనిషి. చొక్కా జేబులో రెండు చేతిరుమాళ్ళు ఉండేవి. ఒకటి మొహానికి, ఒకటి చేతులకు. ఒకదాని పని ఇంకొకదానితో ఎప్పుడూ చేయించలేదు. దివిసీమలో వాళ్ళ ఊరి చర్చిలో పెద్ద. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులూ బందరులోనే ఒక గదిలో ఉండేవాడు.

ఆయన చేరిన కొత్తలో మేము మొదటి మెట్టు మీదే ఉన్నాం. యంత్రాన్ని మనిషి మీద పెట్టేముందు, మాంసాన్ని పోలిన దేని మీదనైనా పరీక్షించాలి. అందుకని చైనాగడ్డి పొడిని నీళ్ళలో మరిగించి, ఇసబ్‌గోల్ కలిపి, అచ్చుల్లో పోసి గడ్డకట్టించేవాళ్ళం. మధ్యలో ఇంకా గట్టిగా ఉండే చిన్న ఉండ ఒకటి దాచిపెట్టేవాళ్ళం. యంత్రం ఆ ఉండను కనిపెట్టగలిగితే గెలిచినట్టు. నేను ఈ విద్యలో డాక్టరేటు పుచ్చుకున్నదాన్ని. కానీ నేను పోసిన దిమ్మెల నిండా బుడగలే. బొమ్మలో ఎక్కడ చూసినా తెల్లటి చుక్కలే. మూడో రోజు కూడా అంతే అయ్యేసరికి గిన్నెను సింకులో పడేశాను.

గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు ఆయన.

“మరిగిందాన్ని మరిగినట్టే పోసేస్తే బుడగలు పడక ఏం చేస్తయ్యండీ?”

“ఎట్లా చెయ్యాలో నువ్వు చెప్తావా?” అన్నాను, వెటకారంగానే.

ఆయన వెటకారం పట్టించుకోలేదు. చీపురు గోడకు ఆనించాడు. మోచేతుల దాకా కడుక్కున్నాడు. రెండో రుమాలు తీసి తుడుచుకున్నాడు. “ముందు మంట తీసెయ్యండి. చల్లారనియ్యాలి. తిప్పుతా ఉండాలి గానీ చిలక్కూడదు. గరిట పైకి లెగవకూడదు, అడుగునే తిరగాలి” అంటూ ఎడమ చేత్తో మొదలుపెట్టాడు. తిప్పుతూ వాళ్ళ చర్చి పాటేదో సన్నగా కూనిరాగం తీశాడు.

“ఎంతసేపు?” అన్నాను.

“రెండు చరణాలు.”

నేను గోడ గడియారం చూపించాను. ఆయన నవ్వాడు. “గడియారం గిన్నె వంక చూడదు గదండీ.”

గిన్నెకు వేలి వెనక భాగం ఆనించి చూసి, అచ్చు గోడ వెంట, పసిపిల్ల నోట్లో పాలు పోసినట్టు పోశాడు. మర్నాడు బొమ్మ తీస్తే ఒక్క బుడగ లేదు. మా ప్రొఫెసర్‌గారు ల్యాబులో వాళ్ళందరినీ పిలిచి చూపించారు. అప్పటినుంచి దిమ్మెల పని ఆయనదైంది. కాగితాల్లో మాత్రం ఊడ్చే మనిషిగానే ఉండిపోయాడు.

లోపల దాచే గట్టి ఉండలు కూడా ఆయనే చేసేవాడు. బఠాణీ అంత, కుంకుడుగింజ అంత, రేగుపండు అంత. మా వ్యాసాల్లో మేము మిల్లీమీటర్లు రాసుకునేవాళ్ళం. మాటల్లో మాత్రం ల్యాబులో అందరికీ అవి కుంకుడుగింజలూ రేగుపళ్ళే.

మధ్యాహ్నం ఊడ్చే పని అయిపోయాక నా వెనక స్టూలు వేసుకుని కూర్చునేవాడు. బొమ్మలు చదవడం ఆయనకు నేర్పింది నేనే. బుడగ అయితే తెల్లగా మెరిసి, కిందికి ఒక చార జారుతుంది. దానికి ఆయన ‘తోక’ అని పేరు పెట్టాడు. గట్టి వస్తువు అయితే తోక ఉండదు. “నిజంగా లోపల ఉన్నది చోటు మారదు బాబాయ్. పరికరాన్ని ఎటు తిప్పినా అక్కడే ఉంటుంది. మాయ అయితే మనతోపాటు జరుగుతుంది” అని చెప్పాను ఒకసారి. ఆ మాట ఆయనకు బాగా పట్టింది. కొత్తగా వచ్చిన విద్యార్థులకు టీ ఇస్తూ, సండే స్కూల్లో వాక్యం చెప్పినట్టు చెప్పేవాడు. “నిజం చోటు మారదు బాబూ. మేడంగారు చెప్పారు.”

రెండో మెట్టు ఎలుకలు. మత్తిచ్చి, వాటి లివరు బొమ్మలు తీసేవాళ్ళం. పని అయ్యాక వాటిని బోనులో పడుకోబెట్టి మేము వెళ్ళిపోయేవాళ్ళం. ఆయన వేణ్ణీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టి, ఒక్కొక్కటీ కళ్ళు తెరిచేదాకా కూర్చునేవాడు. “లెగవయ్యా, లెగు. అయిపోయింది” అంటుండేవాడు. చివర్లో కొన్నిటిని చంపి, లివరు కోసి, బొమ్మలో కనిపించిందీ లోపల ఉన్నదీ ఒకటేనా అని చూడాల్సి వచ్చింది. ఆ రోజు ఆయన పనిలోకి రాలేదు. మర్నాడు వచ్చి అడిగాడు.

“మనం చూసిందీ లోపల ఉందీ ఒకటేనాండీ?”

“ఒకటే బాబాయ్.”

“అయితే సరే. ఊరికే పోలేదు పాపం.”

తరువాత మనుషులు. ముందుగా ఏ జబ్బూ లేని వాళ్ళ బొమ్మలు కొన్ని తీసి, ఆరోగ్యంగా ఉన్న లివరు మా యంత్రంలో ఎలా కనిపిస్తుందో తెలుసుకోవాలి. వాళ్ళ చేత సంతకం పెట్టించుకునే అంగీకార పత్రం నేనే తెలుగులో రాశాను. బయటివాళ్ళకు అర్థమవుతుందో లేదో చూద్దామని ఆయనకు చదివి వినిపించాను. అందులో ఒకచోట ‘యాదృచ్ఛిక నిర్ధారణలు’ అని ఉంది.

“అదేంటండీ?”

“మనం వెతకనిది ఏదైనా పొరపాటున కంటపడితే అని.”

“మరి అట్టా రాయండి. ‘ఏదన్నా తేడా కనపడితే దాచకుండా మీకు చెబుతాం.’ మా ఊళ్ళో ఎవరికైనా అర్థమవుద్ది.”

‘దాచకుండా’ అనే మాట నాకు నచ్చలేదు. పరిశోధన పత్రానికి తగినట్టు లేదనిపించింది. కానీ ఆయన పట్టుబట్టాడు. అలాగే రాశాను. ఎథిక్స్ కమిటీలో ఒక పెద్దాయన ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ మెప్పు నేనే తీసుకున్నాను.

ఇక ఆ రోజు గురించి చెప్పాలి.

వానాకాలం. పెడన నుంచి అద్దకం పని చేసే ఒకతను రావాల్సి ఉంది. రాలేదు, ఫోను కూడా ఎత్తలేదు. మర్నాడు ఉదయం ప్రొఫెసర్‌గారికి మొత్తం బొమ్మలు చూపించాలి. ఒక్కరు తక్కువ. నేను రోజూ గుడివాడ నుంచి రైల్లో వచ్చి పోయేదాన్ని. సాయంత్రం ప్యాసింజరుకు ఇంకా గంట ఉంది. కుర్చీలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే ఆయన వచ్చాడు.

“నన్ను పడుకోమంటారా మేడంగారూ?”

మా దగ్గర పనిచేసేవాళ్ళను పరీక్షకు తీసుకోకూడదని నియమం ఉంది. వాళ్ళు కాదనలేరు కాబట్టి ఆ నియమం. అది నాకు తెలుసు. ఆయన కాంట్రాక్టరు మనిషి కదా, కాలేజీ ఉద్యోగి కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పత్రం తెచ్చి ఇచ్చాను. తను దిద్దిన వాక్యం దగ్గర వేలు పెట్టి, చదివి, నవ్వి, సంతకం పెట్టాడు.

ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాడు. కదలొద్దంటే రాయిలా పడుకున్నాడు. మొదటి బొమ్మలో అంతా నీలంగా ఉంది, లోతుగా ఒక పక్కన మాత్రం చిన్న ఎర్రటి మచ్చ. నేను విసుక్కుని పరికరాన్ని జరిపాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి పక్కటెముకల మధ్య నుంచి చూశాను. ఉంది.

“గ్యాసు అడ్డం పడుతోంది” అన్నాను.

ఆయన తల తిప్పి తెర వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

“గ్యాసు కాదేమోనండీ. గ్యాసూ బుడగే గదా. బుడగకు తోక ఉంటుందండీ. దీనికి లేదు.”

“కొన్నిసార్లు ఉండదు.”

“మూడుసార్లూ అక్కడే ఉంది మేడంగారూ. చోటు మారలా. మనం కుంకుడుగింజంతది పెట్టినప్పుడు అచ్చం ఇట్టానే వచ్చింది.”

గడియారం చూశాను. ఆ తరువాత నేనన్న మాట ఇప్పటికీ నా చెవిలో నా గొంతుతోనే వినిపిస్తుంది.

“నువ్వు జెల్లు సంగతి చూసుకో బాబాయ్. బొమ్మల సంగతి నాకొదిలెయ్.”

ఆయన లేచి, పొట్ట మీది జెల్లును రెండో రుమాలుతో తుడుచుకుని, చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. నేను సంచీ సర్దుకుంటుంటే, తలుపు దగ్గర ఆగి, “పోనీ డాక్టరుగారికి ఒకసారి చూపిస్తారాండీ?” అన్నాడు. మాతో కలిసి పనిచేసే రేడియాలజిస్టు ఒకాయన ఉన్నారు, ఆయన గురించి అడుగుతున్నాడు. “చూపిస్తాలే” అన్నాను. ఆ ‘లే’లోనే చూపించనని ఉంది. ఆయనకు తెలుగు నాకంటే బాగా తెలుసు.

రైలు అందింది. కిటికీ పక్కన కూర్చుని, పెడన దాటేలోపే ల్యాప్‌టాప్ తెరిచి, ఆయన బొమ్మలను పనికిరానివాటి ఫోల్డరులోకి తోశాను. పట్టికలో కారణం రాయాలి. ‘పరీక్ష సమయంలో వ్యక్తి కదిలారు’ అని రాశాను. మచ్చ ఉన్న బొమ్మను ఆరోగ్యవంతుల లెక్కలో పెడితే మా ఫలితం చెడుతుంది. తీసేస్తే శుభ్రంగా ఉంటుంది. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పలేను. వచ్చింది. ఆయన మొహం మాత్రం గుర్తుకు రాలేదు.

ఆ తరువాత ఎనిమిది తొమ్మిది నెలలు ఆయన నా కళ్ళెదుటే తిరిగాడు. దిమ్మెలు పోశాడు, టీలు ఇచ్చాడు. మచ్చ సంగతి మళ్ళీ ఎత్తలేదు. వేసవి మొదట్లో ఆయన బెల్టుకు మేకుతో కొట్టుకున్న కొత్త చిల్లు చూసి, “ఏంటి బాబాయ్, డైటింగా?” అని నవ్వాను. “అన్నం సయించట్లేదండీ” అన్నాడు. “ఎండలు కదా” అన్నాను. ఇంకొకసారి స్టూలు మీద కూర్చుని కుడి పక్క చెయ్యి అదుముకుంటుంటే చూశాను. చూసి తెర వైపు తిరిగాను.

ఒక సోమవారం పనిలోకి రాలేదు. ఆ వారమంతా రాలేదు. బెజవాడ ఆసుపత్రిలో ఉన్నాడని, లివరులో గడ్డ అని, ఊపిరితిత్తులకు కూడా పాకిందని కాంట్రాక్టరు చెప్పాడు. “తాగేవాడేమో” అని ల్యాబులో ఎవరో అన్నారు. ఆయన జీవితంలో తాగలేదని నాకు తెలుసు. అయినా ఆ మాటను ఖండించలేదు. ఆ మాట అలా ఉండనిస్తే నాకే కాస్త తేలిగ్గా ఉంది.

అందరూ భోజనానికి వెళ్ళాక ఆ ఫోల్డరు తెరిచాను. మూడు బొమ్మలు. మూడింటిలోనూ ఒకే చోట ఎర్రటి మచ్చ. తోక లేదు. రేడియాలజిస్టుకు ఫోను చేసి, ఎవరివో చెప్పకుండా పంపాను. పది నిమిషాల్లో తిరిగి ఫోను చేశారు. “ఇది ఎప్పటిదండీ? వెంటనే పంపించండి. ఈ సైజులో అయితే ఆపరేషన్ చెయ్యొచ్చు, బహుశా నయమైపోవచ్చు కూడా” అన్నారు. ఎప్పటిదో చెప్పలేదు. ఫోను పెట్టేశాను.

ఆ ఆదివారం బెజవాడ వెళ్ళాను. వార్డు చివరి మంచం. కళ్ళు పసుపురంగు తిరిగాయి. చేతులు సన్నగా, పొట్ట ఎత్తుగా. భార్య మందులకు కిందికి వెళ్ళిందట. నన్ను చూసి లేవబోయాడు.

“వద్దు, మీరు పడుకోండి” అన్నాను.

“ఏంటి మేడంగారూ, నన్ను ‘మీరు’ అంటన్నారు? నేనేమన్నా ప్రిన్సిపాలునా?” అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. కాసేపటికి సర్దుకుని, మామూలుగా, దిమ్మె గట్టిపడిందా లేదా అని అడిగినట్టు అడిగాడు.

“ఆ రోజు నా బొమ్మలు మళ్ళా ఏమన్నా చూశారాండీ?”

బెజవాడ దాకా రెండు గంటలు ఈ ప్రశ్నకే జవాబు తయారుచేసుకుంటూ వచ్చాను. ‘నాదే తప్పు’ అని చెప్పాలని వచ్చాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

“చూశాను బాబాయ్. అప్పటికి ఏమీ లేదు. అది గ్యాసే. ఇది ఈ మధ్య వచ్చింది.”

ఆయన నా మొహం వంక చూడలేదు. తలపైన వేలాడుతున్న సెలైను సీసా వంక చూశాడు. చుక్క పడడం చూశాడు, ఇంకో చుక్క పడడం చూశాడు.

“అట్టాగా” అన్నాడు. “అయితే సరే. నా కంటికే పొరపాటు వచ్చుంటది.”

నేను తల వంచుకుని మంచం పక్కన నిలబడ్డాను. ఆయన కళ్ళు మూసుకుని, “బయల్దేరండి మేడంగారూ. మళ్ళా మీకు రైలు దొరకదు” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే బాగుండేది.

రెండు వారాలకు పోయాడు. మట్టికి నేను వెళ్ళలేదు. ఆ రోజు నాకు మీటింగు ఉంది. నిజంగానే ఉంది. మా ల్యాబు నుంచి ఇద్దరు వెళ్ళి దండ వేసి వచ్చారు.

మా వ్యాసం అచ్చుకు పంపే ముందు, చివర్లో ఆయనకు నివాళిగా ఒక వాక్యం పెడదామన్నారు ప్రొఫెసర్‌గారు. “నువ్వే రాయమ్మా, నీకే ఎక్కువ తెలుసు” అన్నారు. కూర్చున్నాను. ‘ఈ పరిశోధనకు ఎంతో తోడ్పడిన’ దాకా టైపు చేశాను. లేచి వెళ్ళి ప్రొఫెసర్‌గారి గది తలుపు వేసి, జరిగినదంతా చెప్పాను. రైలూ, ఫోల్డరూ, ‘కదిలారు’ అని రాసిన కారణమూ.

ప్రొఫెసర్‌గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. “అప్పుడు చెప్పినా బతికేవాడని ఎవరు చెప్పగలరమ్మా? ఇప్పుడు బయటపెడితే ఎవరికి లాభం?” అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. భయపడ్డారు. ఆయన ప్రశ్న నాకు కొత్త కాదు, ఆ నెలంతా నేను వేసుకుంటున్నదే. నేను ఎథిక్స్ కమిటీకి ఉత్తరం రాసి ఇచ్చాను. పరిశోధన కొన్నాళ్ళు ఆపేశారు. పనికిరావని నేను పక్కన పడేసిన ప్రతి బొమ్మనూ డాక్టర్లు చూశారు. ఆ మనుషులందరినీ మళ్ళీ పిలిపించి పరీక్షలు చేశారు. నేను లోలోపల ఆశపడ్డాను. ఒక్కరిలోనైనా ఏదైనా బయటపడి, వేళకు వైద్యం జరిగితే, ఈ కథకు ఏదో ఒక అర్థం దొరుకుతుందనుకున్నాను. ఎవరిలోనూ ఏమీ లేదు. అన్నీ గ్యాసులే, కదలికలే. ఉన్నది ఆయన ఒక్కడిలోనే.

ఇప్పుడు ప్రతి బొమ్మనూ ఆ రోజే డాక్టరు చూసి సంతకం పెట్టాలని నియమం వచ్చింది. నన్ను ఏడాది పాటు మనుషుల మీద పరీక్షలకు దూరంగా ఉంచారు. ఆ గడువు ఈ మధ్యే తీరింది. కుటుంబానికి కాలేజీ తరఫున ఉత్తరం పంపుతామన్నారు. ఉత్తరం కంటే ముందు నేను వెళ్ళి చెప్తానన్నాను.

బందరు నుంచి బస్సు. మోపిదేవిలో గుడికి వచ్చినవాళ్ళంతా దిగిపోయారు. బస్సు సగం ఖాళీ అయింది. అవనిగడ్డలో ఆటో ఎక్కాను. రెండు గదుల ఇల్లు. ఆయన భార్య వాకిట్లో కూర్చుని మినుములు చెరుగుతోంది. ఆసుపత్రిలో ఆవిడను కలవలేదు కాబట్టి నేనెవరో చెప్పాను. చాట పక్కన పెట్టి గబగబా లేచింది.

“మేడంగారా! రండమ్మా, రండి. ఎండన పడి వచ్చారు. మీ గురించి చెప్పని రోజు లేదు ఆయన. చదవడం రాకపోయినా బొమ్మలు చదవడం నేర్పారంట గదా?”

ఆయనకు చదవడం వచ్చు. నేను రాసిన వాక్యాన్నే దిద్దిన మనిషి. ఇంట్లో ఆయన తనను తాను తగ్గించుకుని, నన్ను అంత పెంచి చెప్పుకున్నాడు. కుర్చీ వేసింది. టీ పెట్టి తెచ్చింది. నేను మొదలుపెట్టేలోపే తనే మాట్లాడింది.

“మా తమ్ముడు గోల చేశాడమ్మా. ల్యాబులో ఏదో పరీక్షలు చేశారు, అందుకే ఇట్టా అయిందని. మీ కాలేజీకి మనుషుల్ని తీసుకుని వస్తానన్నాడు. ఆయన మంచంలో ఉండి కూడా వాడి మీద కేకలేశాడు. ‘మేడంగారు మళ్ళా చూశారు, అప్పటికి ఏం లేదంట, ఎవరి తప్పూ లేదు, వాళ్ళ జోలికి వెళ్తే నా గుమ్మం తొక్కొద్దు’ అన్నాడు. వాడికి రోషం. నిజంగానే తొక్కలేదు.”

టీ గ్లాసు కింద పెట్టాను. చెప్పాను. ఈసారి తయారుచేసుకున్న మాటలేవీ వాడలేదు. మచ్చ ఉందని, ఆయనే కనిపెట్టాడని, నేను కసిరానని, డాక్టరుకు చూపించమంటే చూపించలేదని, ఆసుపత్రిలో అబద్ధం చెప్పానని వరసగా చెప్పాను. చిన్న మచ్చ అప్పుడు, బహుశా తీసెయ్యగలిగేవాళ్ళు అని కూడా చెప్పాను.

ఆవిడ నా వంకే చూస్తూ వింది. ఏడవలేదు. చాట దగ్గరికి లాక్కుని అడిగింది.

“మీరు అబద్ధం చెప్పారని ఆయనకి తెలుసా?”

“తెలుసనే అనుకుంటున్నానమ్మా. ఆయన కళ్ళారా చూశాడు.”

“నాక్కూడా చెప్పలా.” ఆ మాట నాతో అనలేదు. చాటలోని మినుములతో అన్నట్టు అంది. తరువాత తలెత్తింది. “మా తమ్ముడు ఆఖరి చూపుకి రాలేదు, తెలుసా మీకు? చిన్నప్పుడు వాణ్ణి భుజానేసుకుని పెంచాడు ఆయన. మీ అబద్ధాన్ని కాయడానికి వాణ్ణి వదులుకున్నాడు. జబ్బు దేవుడిచ్చాడనుకుంటా. అది వదిలెయ్యండి. ఆ ఒక్కమాట ఆసుపత్రిలో చెప్పుంటే మా తమ్ముడు వచ్చేవాడు. పెట్టె మోసేవాడు.”

నాకు ఈ సంగతి తెలియదు. నా తప్పు ఎంతో నేను కొలుచుకునే వచ్చాననుకున్నాను.

“క్షమించమని అడగడానికి రాలేదమ్మా” అన్నాను. అది కూడా నిజం కాదు.

“మరి ఎందుకొచ్చారు? మీకు బరువు దిగుద్దని. నాకు చెప్పారు, మీది దిగింది. నేనెవరికి చెప్పుకోను?”

నా గ్లాసులో సగం టీ అలాగే ఉంది. తాగితే తప్పు, వదిలేస్తే తప్పు అనిపించింది. లేచి నిలబడ్డాను. ఆవిడ లేవలేదు. చాట ఒళ్ళోకి తీసుకుని, మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. నేను దడి దాకా నడిచాక వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

“గేటు వేసి వెళ్ళండి. మేకలు దూరతయ్యి.”

గేటు కర్రకు ఒక ఇనుప తీగ ఉంది. దాన్ని గుంజకు చుట్టి మెలి పెట్టాలి. చుట్టాను, జారిపోయింది. ఇంకోవైపు నుంచి చుట్టాను, మళ్ళీ జారిపోయింది. మూడోసారికి వేలు గీసుకుంది. ఆవిడ చాట దించి, నడిచి వచ్చి, లోపలి నుంచి నా చేతిలోని తీగ తీసుకుని, ఒక్క తిప్పుతో బిగించింది. నా వంక చూడకుండానే వాకిట్లోకి వెళ్ళిపోయింది.